శనివారంతో ఆగిపోయే రైలు

పెద్దన్నయ్యకు చెల్లెలు నమస్కరించి రాసేది. నేను, పాప పైడితల్లి కులాసా. మీ బావ కూడా కులాసా అనే అనుకో.

శనివారంతో మా ఊరికి రైలు ఆగిపోతుంది. తగరం గని మూతపడ్డాక ఈ లైను ఎవరికీ అక్కర్లేకపోయింది. ఇక్కడ అడవి తప్ప ఏమీ లేని రోజుల్లో పట్టాలు వేసిన కూలీల్లో మీ బావ ఒకరు. వాటి పక్కనే అంగళ్ళు, బడి, ఇళ్ళు వెలిశాయి. ఇప్పుడు పట్టాలు పీకే పనికీ ఆయన్నే పెట్టారు. సోమవారం మా ఊరి దగ్గరే మొదలుపెడతారట. కాదంటే ఓడెక్కించి తిరిగి మన దేశానికి, విశాఖపట్నం పంపేస్తామన్నారు రైలు దొరలు. చీనా అంగడివాడు తలుపులు కూడా ఊడదీసుకుని పోయాడు. మంత్రసానీ వెళ్ళిపోయింది.

నాకు నెలలు నిండాయి. ఈ సంగతి నీకు ఇంతవరకూ రాయలేదు. పైడితల్లి కడుపులో అడ్డం తిరిగినప్పుడు రైలే నన్ను ఆసుపత్రికి చేర్చింది. ఇక్కడికి బండి దారి కూడా లేదు.

"పట్టాల మీద తోసే ట్రాలీ ఉంటాది కదా, తోసుకుని ఆసుపత్రికి తీసుకెల్తాను," అన్నారు మొన్న రాత్రి మీ బావ.

"పట్టాలు పీకేసినాక ట్రాలీ దేనిమీద పోతాది?" అన్నాను.

ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయారు. ఈ పొద్దున నా పెట్టెకు ఆయనే తాడు కట్టి, "మీ అన్న కాడికి ఎల్లు. బిడ్డని సూడ్డానికి నాను నడిసొస్తాను," అన్నారు.

ఈ ఉత్తరం గార్డు చేతికిస్తున్నాను. శనివారం ఆఖరి బండికి పాపతో వస్తున్నాను. నువ్వు ముందే వచ్చి జంక్షన్‌లో ఉండు, నొప్పులు అంతవరకూ ఆగుతాయో లేదో తెలియదు. పని ఎంతదూరం జరిగితే మీ బావ గుడారం అంతదూరం జరుగుతుంది. బిడ్డ పుడితే ఆయనకు ఏ ఊరి పేరున ఉత్తరం రాయాలో మాత్రం మా ఇద్దరికీ తోచలేదు.

నీ చెల్లెలు