పదకొండు సంతకాల కాగితం

నాంపల్లి, మంగళవారం

చి. సుశాంత్‌కు నాయనమ్మ ఆశీస్సులు. ఒంట్లో బాగానే ఉంది, నీ మీద కోపం తప్ప.

నా హాస్టల్ కాగితాల పెట్టెను నన్నడగకుండా యూనివర్సిటీ ఆర్కైవ్స్‌కు ఎందుకిచ్చావు? నిన్న ఆబిడ్స్‌లో వాళ్ల ప్రదర్శనకు వెళ్లాను. మాతో చెడుగా ప్రవర్తించిన లెక్చరర్ మీద డెబ్బై నాలుగులో మేం పదకొండు మందిమి రాసిన ఫిర్యాదు అద్దాల బల్లలో ఉంది, సంతకాలతో సహా. "ఇంట్ల తెలిస్తే చదువు బంద్ చేపిస్తరే, ఎవ్వరికీ చూపియ్యకు" అని మిగతా పదిమందీ ఏడిస్తే ఒట్టేసి దాచినదాన్ని నేను.

తీసేయమంటే అక్కడి ఉద్యోగి, "ఇచ్చినాయనే రాసియ్యాలమ్మా. మీరెవరో మాకేం తెల్సు?" అన్నాడు.

"మొదటి సంతకం నాదే, చదువు" అన్నాను. నవ్వేశాడు.

నువ్వు ఫోను ఎత్తవు కనుక ఈ కార్డు. అందిన రోజే ఆ కాగితం వాపసు కోరుతూ సంతకం చేసి వాళ్లకు పంపు. నీ భార్య రశ్మికి జ్వరం తగ్గిందా? నా పచ్చడి జాడీ కడిగి పెట్టమను.

ఆ పదకొండు మందిలో ఒకామె కాచిగూడలోనే ఉంది. ఆ కాగితం అక్కడుందని తెలియక, వచ్చే నెల మనవరాలిని తీసుకుని ప్రదర్శనకు వస్తానంటోంది. కార్డును దారిలో ఎవరైనా చదువుతారని ఆమె పేరు రాయలేదు. ఆ పాటి ఆలోచన నీకు ఉండాల్సింది.

ఇద్దరూ చల్లగా ఉండండి.

నాయనమ్మ