ముందుకు జరిగిన గంట

అన్నయ్యకు,

ఆపరేషన్‌కి తీసుకెళ్తున్న అమ్మని చూడటానికి స్టేషన్‌కి రాలేదని కోప్పడకు. వచ్చాను. అప్పటికే మీ రైలు వెళ్ళిపోయింది. ఎండాకాలమంతా గడియారాలను గంట ముందుకు జరిపి ఉంచమని ప్రభుత్వం ఉన్నట్టుండి చెప్పిందట. మా ఆయన కంప్యూటర్‌లో టైం దానంతటదే మారింది, వంటింటి గడియారం మారలేదు. బయలుదేరనా అని ఆయన్ని అడిగాను. కంప్యూటర్ మీంచి తల తిప్పకుండా, "గోడ మీద గడియారం ఉందిగా, కళ్ళు లేవా?" అన్నారు.

తిరిగి రాగానే అత్తయ్య, "పట్టాలకి దండం పెట్టి వచ్చావా?" అంది.

"టైం మారిందని పొద్దున్నే చూశానమ్మా. నీ కోడలికి ఎప్పుడు తెలుస్తుందో చూద్దామని ఊరుకున్నా," అని ఆయన నవ్వారు. నేను ఏడిస్తే, "చలికాలంలో ఆ గంట తిరిగి ఇస్తార్లే, అప్పుడు చూసుకో మీ అమ్మని," అన్నారు.

డాక్టర్‌ని అడిగి రాయి అన్నయ్యా. అమ్మ చలికాలం దాకా ఉంటుందా?

నీ చెల్లెలు