పెద్దమ్మ పిలుపు

మెరెయానా పెద్దమ్మకు,

రేపు తెల్లవారుజామున కొత్త గ్రంథాలయం తెరుస్తున్నారు. మన ఆచారం ప్రకారం గడప దగ్గర నిలబడి జనాన్ని లోపలికి పిలవాల్సింది నువ్వే. అందుకే ఈ ఉత్తరం ఇప్పుడే చదువు.

దాని కింది అంతస్తులో మన మావోరీల హాల్లో ముత్తాత రూపం చెక్కిన స్తంభం నిలబెట్టారు కదా, ఇవాళ పై అంతస్తుకు వెళ్లి చూశాను. సరిగ్గా ఆయన నెత్తిన మరుగుదొడ్లు కట్టారు. మా గ్రంథాలయం మేనేజరు డెస్మండ్‌ని అడిగితే, "మధ్యలో అంత కాంక్రీటుంది, చుక్క కారదులే. అంత బెంగగా ఉంటే మీ తాతకు గొడుగు పట్టు," అన్నాడు. నీ చెవిన వేస్తే నా ఉద్యోగం ఉండదని కూడా అన్నాడు.

వేస్తున్నాను. ఆ మరుగుదొడ్లను అక్కణ్ణించి తీసేదాకా పిలవకు పెద్దమ్మా. ఆ అద్దాల తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. తెరుచుకోనీ. నువ్వు పిలవనిదే మనవాళ్లు ఒక్కరూ గడప దాటరు.

నీ చెల్లెలి కూతురు