మణి మేడగది చల్లబడింది

ఏమండీ,

మీరు పోయి నేటికి ఏడాది. ఇక్కడ ఐర్లండ్ స్లైగోలో ఇళ్ల అటకల్లో చలీ వేడీ ఆపే ఇన్సులేషన్ పరిచి వచ్చినప్పుడల్లా, కాకినాడలో మీ చెల్లెలు మణి బట్టలు కుట్టుకునే పాత మేడగది గురించే చెప్పేవారు. ఎండకు అది పొయ్యిలా కాలేది.

ఆ గదికి ఈ ఏడు నేనే ఇన్సులేషన్ చేయించాను. మేస్త్రీ లోపల సీలింగుకు కొడతానన్నాడు. "వద్దండీ, మన ఉక్కకి లోపల చెమ్మ చేరి బూజు పడుతుందని మా ఆయన చెప్పేవారు. స్లాబు పైనే వెయ్యండి" అని ఫోన్లోనే పట్టుబట్టి గెలిచాను.

ఇవాళ హాస్పిటల్లో డ్యూటీ మధ్యలో టీ తాగుతుంటే మణి వీడియో కాల్ చేసింది. "వదినా, మే నెల మధ్యాహ్నం మేడ మీదే కుడుతున్నా! అన్నయ్య చూసుంటేనా!"

నేను గట్టిగా నవ్వేశాను. ఏమైందని పక్కనున్న ఐరిష్ నర్సు అడిగింది.

"మా ఆయన కాకినాడలో ఒక గదిని చల్లబరిచారు" అన్నాను.