ఏడో దిబ్బ కింద

సోమవారం, పొద్దున్న ఏడు గంటలు

చెల్లాయికి అన్నయ్య ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరంతా క్షేమమేనా అని అడిగితే నీకు ఒళ్ళు మండుతుందని తెలుసు, అయినా అడుగుతున్నాను.

ఫోనెత్తడం మానేశావు కాబట్టి కాగితం పట్టుకున్నాను. మీ గోడ మీద వేసిన ఎర్ర గుర్తు సంగతి బావగారు చెప్పారు. నీ కుట్టుమిషను గదితో సహా ఇల్లంతా కొత్త రోడ్డులో పోతుందట. రక్షించాల్సిన రాతియుగపు సమాధి దిబ్బలు ఏడని పురావస్తు శాఖ జాబితాలో ఉంది. ఆ ఏడోదాన్ని తప్పించబోయి రోడ్డు వంకర తిరిగి సరిగ్గా మీ ఇంటి మీదికొచ్చింది.

ఉన్నవి ఆరే అని తెలిసీ మా అన్నయ్య బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు అన్నావట. నిజమే. ముప్పై ఏళ్ళ కిందట తవ్వకాల్లో మేస్త్రీని నేనే. ఆరు దిబ్బల్లోంచి తీసిన మట్టంతా ఓ పక్కన తట్టలతో పోయించిందీ నేనే. దాని మీద గడ్డి మొలిచింది. తర్వాతెప్పుడో కొలతలకొచ్చిన కుర్రాఫీసరు దానికీ ఓ నంబరు రాయి పాతేసి పోయాడు. మన మట్టికుప్పకి కంచె, బోర్డు, ముట్టుకుంటే జైలు! మొదట్లో ఆ బోర్డు చూసి తెగ నవ్వుకునేవాణ్ణి. ఇప్పుడు అటు వెళ్ళడమే మానేశాను.

ఇవాళ పదకొండింటికి విచారణ. ఆనాటి వాళ్ళలో మిగిలింది నేనొక్కణ్ణే. అది ఉత్త మట్టికుప్ప అని నేను ఒక్క ముక్క అంటే రోడ్డు తిన్నగా పోతుంది, నీ ఇల్లు నిలుస్తుంది. అంటాను. నీ మీద ఒట్టు. మీ వదిన నా మొహం చూసి జ్వరమా అని రెండుసార్లు అడిగింది. విచారణ నుంచి వచ్చేటప్పుడు ఈ ఉత్తరం పోస్టులో వేస్తాను.

ఇట్లు,
నీ మట్టి అన్నయ్య

తా.క. మధ్యాహ్నం రెండయింది. పోస్టాఫీసు బల్ల మీద రాస్తున్నాను. మాట తప్పాను చెల్లాయ్.

మట్టి పోయించింది నేనే అని చెప్పాను. రోడ్డు ఇంజనీరు మొహం వెలిగిపోయింది. అప్పుడు విచారణ చేస్తున్న పెద్దావిడ కాగితాల్లోంచి తలెత్తి, మరి ఆ మట్టి కింద ఏముంది అని అడిగింది. ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగని మాట. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

తవ్వకాల చివరి వారం అక్కడ ఓ రాతిపలక లేపాను. కింద చిన్న కుండ. అందులో ఓ పసిగుడ్డు ఎముకలు, రెండు గవ్వపూసలు. తవ్వకాల ఆఫీసరు ఆ రోజు లేడు. బయటపెడితే పెట్టెలో సర్ది చీటీ అంటిస్తారు. అది చేయించడమే నా ఉద్యోగం, తెలుసు. అయినా పలక మూసేసి, మూడు రోజులు పట్టి, అప్పటిదాకా తీసిన మట్టంతా దాని మీదే పోయించాను. అదే వారం, నువ్వింకా ఆసుపత్రి మంచం మీద ఉండగా, నీ మొదటి బిడ్డని ఈ చేతులతోనే మట్టిలో పెట్టి వచ్చాను.

నీ ఇల్లు నా నోటితోనే పోగొట్టాను. తిట్టు, పడతాను. వచ్చే సోమవారం మట్టి తీసి, పలక లేపి చూసి, మళ్ళీ మూసేస్తారట. చోటు నేనే చూపించాలి. నువ్వు కూడా రా చెల్లాయ్. నా ఒక్కడి వల్ల కాదు.