తిన్నగా అయిపోయిన నడుము

డీన్ విట్‌లాక్ గారికి నమస్కారం.

మన ఊళ్ళో ఆస్టియోపతి కాలేజీ పెట్టిన ఏటి నుంచీ పిల్లలు చేత్తో నొక్కి ఎముకలు సరిచేసే ఆ వైద్యం నేర్చుకున్నది నా వంకర నడుము మీదే. "సార్, పుస్తకంలో ఉన్నవన్నీ మీ ఒక్క వీపులోనే ఉన్నాయి!" అని వాళ్ళు మురిసిపోతుంటే నాకెంత గర్వంగా ఉండేదో! తర్వాత మీరు సీట్లు పెంచారు. క్రీడల వైద్యం పెట్టారు, పల్లె వైద్యమూ పెట్టారు. వచ్చిన ప్రతి బ్యాచీ నన్నే నొక్కింది. అన్ని చేతులు పడితే ఏ నడుము మాత్రం ఆగుతుంది? తిన్నగా అయిపోయింది.

సోమవారం మీ ప్రొఫెసర్ కోల్బీ నా వీపు తడిమి, "ఇందులో నేర్పడానికి ఇంకేం లేదండీ, ఇంటికెళ్ళండి" అన్నాడు. వెళ్ళినప్పుడల్లా పెట్టే తీపి డోనట్ కూడా పెట్టలేదు. నా బదులు, ట్రాక్టర్ మీంచి పడ్డ మా బావమరిది డ్వైట్‌ని తీసుకున్నారు. వాడు చర్చిలో వంగి నడుస్తూ నన్ను చూసి నవ్వుతున్నాడు.

అందుకే కుంగిపోయిన పాత సోఫాలో పడుకోవడం మొదలుపెట్టాను. "బుద్ధుందా, బంగారంలాంటి నడుము పాడుచేసుకుంటావా!" అని మా ఆవిడ మార్లీన్ తిడుతోంది. తిట్టనీయండి. ఈ ఉదయం బూటు లేసు కట్టుకోవడానికి వంగినవాణ్ణి మళ్ళీ లేవలేదు. ఇది నేలమీంచే రాస్తున్నాను.

దయచేసి వెంటనే ఎవరినైనా పంపండి. మొదటి ఏడాది వాళ్ళయితే మంచిది. బాగా చదివినవాళ్ళు వస్తే నయం చేసేస్తారు.

ఇట్లు,
మళ్ళీ వంగిన మీ విధేయుడు