సమాధుల కమిటీ వ్యానుకి పెట్రోలు పంపు

సీయోనుపేట, రామచంద్రపురం దగ్గర
10-6-1996

తుని పాత మోటారు సామాన్ల షాపు శ్రీ అప్పారావు గారికి,

ప్రభువు పేరట శుభములు. నేను రిటైరైన మాస్టారిని. ఇప్పుడు మా సంఘం వ్యాను బాగోగులు చూస్తున్నాను. అది 1961 మోడలు. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. దానికి పెట్రోలు పంపు కావాలి. రాజమండ్రిలో దొరికినవాటికి బోల్టుల కన్నాలు వేలెడు తేడా వచ్చాయి. నడుస్తూ నడుస్తూ ఇంజను దానంతటదే ఆగిపోతోంది. అయిదు నిమిషాలాగి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది. మీ దగ్గర ఉంటే తెలియజేయగలరు.

ఇట్లు,
శాంతికుమార్

తా.క.: కాకినాడలో ఒకాయన్ని పెట్రోలు పంపు కావాలని అడిగితే, ఎదురుగా ఉన్న బంకు చూపించాడు.

---

తుని, 15-6-1996

శాంతికుమార్ మాస్టారికి అప్పారావు నమస్కారాలు.

ఉత్తరం అందిందండి. సంఘం వ్యాను అన్నారు గనక పాటలవాళ్ళనీ పిల్లలనీ కుక్కి ఎక్కిస్తూ ఉంటారు. లోడు ఎక్కువైతే ఇలాగే ఆగుతుందండి. సీట్లెన్నో, ఒక ట్రిప్పుకి ఎంతమంది ఎక్కుతారో రాయండి. పాత పంపు ఊడదీసి బస్సులో పంపితే కన్నాలు కొలుచుకుంటాను.

మీ విధేయుడు,
అప్పారావు

తా.క.: ఈలోగా ఆగితే, లోపలున్నవాళ్ళని దిగి తొయ్యమనండి.

---

సీయోనుపేట, 21-6-1996

అప్పారావు గారికి,

లోపలున్నవాళ్ళు దిగి తోసే అవకాశం లేదండి. మాది సమాధుల కమిటీ వ్యాను. ట్రిప్పుకి ఒక్కరే, అదీ పెట్టెలో. లోడు గురించి ఇంతవరకు ఎవరూ కంప్లయింటు చెయ్యలేదు.

అసలు సంగతి మొదటి ఉత్తరంలో రాయడానికి మొహమాటపడ్డాను. బ్యాటరీ దిగిపోకుండా డ్రైవరు సామ్యేలు వారానికోసారి ఖాళీ వ్యానుని పేటలో ఒక చుట్టు తిప్పుతాడు. ఈస్టరు వెళ్ళాక ఒకసారి బంగార్రాజు ఇంటి ముందు ఆగింది. ఆయన అరుగు మీద కూర్చుని పేపరు చదువుతూ, కాసిని మంచినీళ్ళు కూడా ఇచ్చాడు. మూడో రోజున పోయాడు. తర్వాత పాపాయి ఇడ్లీల కొట్టు ముందు ఆగింది. ఆవిడా మూడో రోజే. ఇప్పుడు వ్యాను చప్పుడు వినపడితే చాలు, తలుపులు వేసేస్తున్నారు. ఒకాయన రోడ్డుకి అడ్డంగా తాటిదుంగలు దొర్లించాడు.

నిన్న మా ఇంటి ముందు ఆగింది.

మా ఇంటావిడ రూబీ నేను దగ్గినప్పుడల్లా వంటింట్లోంచి తొంగిచూస్తోంది. నేనూ ఆవిడ దగ్గితే చూస్తున్నాను. సామ్యేలు చేత పంపు ఊడదీయించి ఇవాళే బస్సులో పంపుతున్నాను. దయచేసి త్వరపడండి.

ఇట్లు,
శాంతికుమార్

తా.క.: ఇవాళ్టికి రెండో రోజు.

---

తుని, 27-6-1996

శాంతికుమార్ మాస్టారికి నమస్కారాలు.

చదవగానే ఉన్న పనులన్నీ పక్కన పెట్టానండి. మీ అదృష్టం, పంపు దొరికింది. ఇదే బస్సులో పంపుతున్నాను. మీ బండి కోసమే చేసినట్టు కూర్చుంటుంది. పాతది నా దగ్గరే ఉండనివ్వండి. అలాంటిది మీ కళ్ళ ముందు ఉండడం మంచిది కాదు.

మీ విధేయుడు,
అప్పారావు

తా.క.: ఈ కవరు మీరే విప్పినట్టయితే ఒక కార్డు ముక్క రాయండి.

---

సీయోనుపేట, 8-8-1996

అప్పారావు గారికి,

నేనే విప్పాను. కార్డు ఆలస్యమైనందుకు క్షమించండి. ఆ మూడో రోజు ఇద్దరం గోడకి చేరబడి ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ గడిపాం. ఏమీ జరగలేదు.

మీ పంపు అచ్చంగా సరిపోయింది. ఈ అయిదు వారాల్లో వ్యాను ఎక్కడా ఆగలేదు. పేటలో ఎవరూ పోలేదు కూడా. పెట్టెలు చేసే వడ్రంగి బడికి బెంచీలు చేసుకుంటున్నాడు. అందరూ నన్ను చూసి దండం పెడుతున్నారు.

ఒక్క మనిషి తప్ప. మిషనాసుపత్రిలో నర్సుగా చేసిన రత్నమాణిక్యం మామ్మగారికి తొంభై రెండేళ్ళు. తుంటి విరిగి రెండేళ్ళుగా మంచం మీదే ఉంది. వీపంతా పుళ్ళు. నిన్న నాకు కబురు పెట్టింది. "ఒరే శాంతీ, ఆ పాత పంపు తెప్పించి బిగించరా. నా దారి కూడా నువ్వే మూసేశావు" అంది. పేటలో సగంమందికి బొడ్డు కోసిన చెయ్యి అది. నాకూ ఆవిడే కోసింది.

పాత పంపు తిరిగి పంపగలరా?

ఇట్లు,
శాంతికుమార్

తా.క.: పాస్టరు గారికి తెలియనివ్వవద్దంది. ఆయన ప్రార్థన చేసి ఇంకో రెండేళ్ళు పొడిగిస్తాడని ఆవిడ భయం.

---

తుని, 14-8-1996

మాస్టారూ, నమస్కారాలు.

నాలుగు కాగితాలు చించాక ఇది రాస్తున్నాను. పాత పంపు నా దగ్గర లేదండి. ఆ మోడలుది ఈ జిల్లాల్లో ఎక్కడా లేదు. మీరు రెండో రోజని రాసేసరికి లేదని చెప్పడానికి నోరు రాలేదు. మీ పంపునే పెట్రోల్లో కడిగి, లోపలి రబ్బరు పొర మార్చి, వెండి రంగు వేసి పంపాను. మీ బండిలో ఉన్నది మీ పంపే. క్షమించండి.

మీ విధేయుడు,
అప్పారావు

తా.క.: అందుకే అంత బాగా సరిపోయిందండి.

---

సీయోనుపేట, 29-8-1996

అప్పారావు గారికి,

మీ ఉత్తరం మామ్మగారికి చదివి వినిపించాను. మళ్ళీ ఒకసారి చదివించుకుంది. తర్వాత, "అయితే పంపుదేం తప్పు లేదురా. నా ఇల్లు సందు చివర, అందులోకి వ్యాను పట్టదు. నేనున్నట్టు దానికి తెలియాలి కదా. నన్ను రోడ్డు మీదికి తీసుకెళ్ళండి" అంది.

రూబీ తల దువ్వి తెల్లచీర కట్టింది. వడ్రంగీ నేనూ కుర్చీతో సహా మోసుకొచ్చి రోడ్డు పక్కన దింపాం. సాయంత్రం నాలుగింటికి మలుపులో వ్యాను కనపడింది. తాడిచెట్లలో గాలి కూడా కదల్లేదు. సరిగ్గా ఆవిడ ముందుకొచ్చి ఇంజను ఆగిపోయింది. ఆవిడ చెయ్యి చాచి, ఆవుని నిమిరినట్టు బానెట్టు నిమిరింది. "ఇంతసేపా" అంది.

మూడో రోజు తెల్లవారుతుండగా రూబీ ఒడిలో తల పెట్టుకుని వెళ్ళిపోయింది. ఏడుస్తామనుకోలేదు, ఏడ్చాం. సమాధుల తోట దాకా ఇంజను ఒక్కసారి కూడా తడబడలేదు.

మీరు వేసిన రబ్బరు పొర దగ్గర పెట్రోలు కారుతోంది. అందుచేత సోమవారం సామ్యేలు వ్యాను తీసుకుని తుని వస్తున్నాడు. మీ షాపు ముందు ఆగితే కంగారుపడకండి. అక్కడ ఆపమని మేమే చెప్పాం.

ఇట్లు,
శాంతికుమార్

తా.క.: మీ షాపు ముందు ఇంజను సామ్యేలే ఆపాడో, దానంతటదే ఆగిందో, అది మాత్రం అతన్నే అడగండి.